బతికొచ్చిన తాత కాలి కొలత

మా నాన్న కస్టమరు కాలు కొలిచేటప్పుడు చెప్పే కథ ఒకటుంది. యుద్ధం రోజుల్లో సైన్యం నుంచి మా ఇంటికి ఉత్తరం వచ్చింది, మా తాత చనిపోయాడని. ఇల్లంతా గొల్లుమంది. నానమ్మ ఒక్కతే ఏడవలేదట. "ఆయన వస్తారు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయిందట. యుద్ధం ముగిసిన ఆర్నెల్లకి ఒక మధ్యాహ్నం మా తాత నడుచుకుంటూ దుకాణంలోకి వచ్చి, పీట మీద కూర్చుని, "నా సుత్తి ఎవరు తీశారు?" అని అడిగాడు. ఇక్కడికి రాగానే నాన్న టేపు మెడలో వేసుకుని, కస్టమరు నవ్వేదాకా ఆగేవాడు. నవ్వాక, "సైన్యం వాళ్లకి చచ్చిందెవరో బతికిందెవరో కూడా తెలీదండీ" అని ముగించేవాడు. ఆ కథ వినడానికే బూట్లు అరగకముందే కొత్తవి కుట్టించుకున్నవాళ్లు ఉన్నారు.

ఆ ఎండాకాలం మున్సిపల్ ఆఫీసు ముందు యుద్ధానికి వెళ్లిన ఊరివాళ్ల పేర్లతో ఒక రాయి నిలబెడతామన్నారు. పేర్ల జాబితా ముందుగా బోర్డు మీద అంటించారు. ఒక వరస తిరిగొచ్చినవాళ్లది, ఇంకో వరస తిరిగిరానివాళ్లది. తప్పులుంటే నెల రోజుల్లో రుజువుతో సహా చెప్పాలి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లి చూసొచ్చాడు. తాత పేరు తిరిగిరానివాళ్ల వరసలో ఉంది. గుమ్మంలోకి వచ్చేదాకా నవ్వుతూనే వచ్చాడు. లోపలికి అడుగుపెట్టాక ఒంటికాలి మీద లేచాడు.

"మా నాన్నని రెండోసారి చంపారమ్మాయ్. ఒకసారంటే యుద్ధం, సరే. ఇప్పుడేం తొందరొచ్చింది వీళ్లకి?"

రుజువు తెచ్చే పని నా నెత్తిన పడింది. సైన్యం కాగితాలన్నీ ఉండే రికార్డుల గది రైల్లో రెండు గంటల దూరం. వారంలో రెండు రోజులు దుకాణం పని నాన్న చూసుకుంటాడు, నేను వెళ్లి ఆ తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవాలి. నాకు నలభై దాటాయి. పదిహేనేళ్లప్పటి నుంచి తోలు కోస్తున్నాను. ఎక్కడికైనా వెళ్లి ఏదైనా వెతకమని నాతో అన్నవాళ్లు అంతవరకు ఒక్కరూ లేరు. పైకి సణిగాను గానీ, లోపల ఎగిరి గంతేశాను.

మా దుకాణం గురించి ఒక్కమాట చెప్పాలి. ఒక గోడ నిండా చెక్కపాదాలు ఉంటాయి. బూటు వాటి మీదే కుడతాం. మా ఇంట్లో ఎవరికైనా కాలు ఎదగడం ఆగిపోతే, ఆ కాలి కొలతకి ఒక జత చెక్కి, మడమ మీద పేరు కాల్చి గోడకి తగిలిస్తాం. మనిషి పోయినా ఆ జత తియ్యం. తాతది పదో నంబరు, పడవంత ఉంటుంది. ఆ వరస చివర పేరు లేని జత ఒకటుంది. కుడిపాదం చిటికెనవేలి పక్కన చిన్న తోలుముక్క మేకులతో దిగగొట్టి ఉంటుంది, అక్కడ ఎముక ఉబ్బు అన్నమాట. తాత ఏటా దానికి తనే నూనె రాసేవాడు. ఎవరిదని అడిగితే పాత కస్టమరుదనేవాడు. పేరు కాల్చని కస్టమరు జత ఇంటివాళ్ల వరసలో ఎందుకుందని మాకెవరికీ తట్టలేదు.

ఆ గోడ కిందే మిషనత్త కూర్చునేది. తాత తమ్ముడి కూతురు, నాన్నకి అక్క వరస, అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు. బూటు పైతోలు కుట్టే మిషను తనది. ఎవరొచ్చినా, ఏం జరిగినా దాన్ని ఆపేది కాదు, మిషను చప్పుడు మీదుగానే మాట్లాడేది. తాత యుద్ధానికి వెళ్లిన వారంలోనే ఆవిడ తండ్రి, అంటే మా చిన్నతాత, కడుపుతో ఉన్న పెళ్లాన్ని వదిలి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. అన్నని పట్టుకుపోయినట్టు తననీ పట్టుకుపోతారని భయపడి పారిపోయాడని ఊరంతా చెప్పుకుంది. అత్త ఆ తరువాత పుట్టింది. తల్లి కూడా పదేళ్లకే పోతే తాతే పెంచాడు. బళ్లో, వీధిలో, పెళ్లిచూపుల్లో ఆవిడ పేరు 'పారిపోయినవాడి కూతురు'. తండ్రి మాట ఎప్పుడైనా వస్తే "ఆ మనిషి" అనేది. 'నాన్న' అనే మాట ఆవిడ నోట మేమెవరమూ వినలేదు.

నేను మొదటిసారి రైలెక్కే రోజు అత్త తల కూడా ఎత్తలేదు.

"వెళ్లు, వెళ్లు. మీ తాత సింహం అని ముద్ర కొట్టించుకురా. ఆ మనిషి గురించి మాత్రం ఏమన్నా కనబడితే అక్కడే పడేసి రా."

రికార్డుల గదిలో పెన్నుకి చోటు లేదు, పెన్సిలే వాడాలి. చేతులు కడుక్కుని రావాలి. కాగితం మీద మోచెయ్యి ఆనించకూడదు. ఆ గదిని చూసుకునే పెద్దాయన ఇవన్నీ బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పి, ఎందుకొచ్చారని అడిగాడు. మీవాళ్లు రాసిన తప్పు దిద్దించడానికన్నాను. ఆయన మొహం ఏమీ మారలేదు. అందరూ అందుకే వస్తారమ్మా అని చెప్పి రిజిస్టర్లు తెచ్చి ముందు పెట్టాడు.

మొదటి రెండు వారాలూ చిక్కుముడే. తాత పేరుతోనే నలుగురు సిపాయిలు తేలారు. ఒకడు వంటవాడు, ఒకడు గుర్రాల దగ్గర పనిచేసేవాడు, ఇద్దరు అసలు మా వైపువాళ్లే కాదు. ఒక్కొక్కణ్ని చదువుతుంటే ప్రాణం లేచొచ్చేది. ఇతనే అయ్యుంటాడని లేచి నిలబడేదాన్ని, పుట్టిన ఊరు చూసి మళ్లీ కూలబడేదాన్ని. ఇంటికి రాగానే నాన్న తలుపు దగ్గరే పట్టుకుని ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. వంటవాడి గురించి చెబితే, మా నాన్నకి నీళ్లు కాచడం కూడా రాదు, వాడు కాదని కొట్టిపారేసేవాడు. అన్నం చల్లారిపోయినా మా మాటలు అయ్యేవి కావు. ఆయనా నేనూ పని గురించి కాక వేరే దాని గురించి అంతంతసేపు మాట్లాడుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

దారి చూపించింది పెద్దాయనే. పేరు పట్టుకుని వెతికితే ఏళ్లు పడుతుంది, సిపాయి నంబరు కావాలన్నాడు. ఇంట్లో పతకం ఏదైనా ఉందా, దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుందన్నాడు. పతకం ఉంది. యుద్ధం అయ్యాక పోస్టులో వచ్చిందట. తాత దాన్ని ఏనాడూ పెట్టుకోలేదు, మేకుల డబ్బా అడుగున పడేశాడు. ఆయన ఘనత చెప్పుకునే రకం కాదని మేం మురిసిపోయేవాళ్లం. ఆ మాటకొస్తే ఆయన చెప్పిన యుద్ధం కబుర్లలో తుపాకులు ఎప్పుడూ లేవు, అన్నీ బూట్లే. ఎన్ని బూట్లు తడిశాయి, ఎన్నిటికి కింది అట్ట ఊడింది, ఒక్కరోజులో ఎన్ని కుట్టాడు, ఇవే. నేనూ నాన్నా డబ్బా నేలమీద బోర్లించి, మేకుల్లోంచి పతకం ఏరి, భూతద్దం పెట్టి నంబరు రాసుకున్నాం. నాన్న దాన్ని మూడుసార్లు పైకి చదివించాడు.

రెండు రోజుల తరువాత ఆ నంబరు ఫైలు నా ముందుకొచ్చింది. అరచేయంత మందం ఉంది, తాడు కట్టి ఉంది. తాడు విప్పాను. మా ఊరి పేరు, మా వీధి, మా ఇంటి నంబరు, తాత పేరు, వృత్తి దగ్గర బూట్లు కుట్టుట అని ఉంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. పెద్దాయన వైపు చూసి నవ్వాను. ఆయన కూడా నవ్వాడు.

పది పేజీల తరువాత ఒక మడత కాగితం ఉంది. మామూలు బూట్లు కుడికాలికి పట్టక పుండ్లు పడుతున్నాయని, ఈ సిపాయికి విడిగా కుట్టించాలని అర్జీ. దానికి కొలత జతచేసి ఉంది. మడత విప్పితే, నిండుగా ఒక పాదం గీత.

ఆ గీత చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది మా ఇంటి గీత. అందరూ పాదం చుట్టూ ఒకసారే గీస్తారు. మేం పెన్సిలు నిలువుగా పట్టి ఒకసారి, పెన్సిలు మొన పాదం కిందికి వంచి ఇంకోసారి గీస్తాం. మడమ దగ్గర చిన్న గుణకారం గుర్తు పెడతాం. మా ముత్తాత నేర్పిన పద్ధతి, ఇంకెక్కడా నేను చూడలేదు. అక్కడెక్కడో గుడారంలో మా తాత తన కాలు తనే గీసుకున్న గీత ఇది అనుకుంటూ, అలవాటుగా జేబులోంచి టేపు తీసి పెట్టాను.

ఏడో నంబరు.

మళ్లీ పెట్టాను. యుద్ధంలో మనిషి చిక్కిపోవచ్చు గానీ పాదం మూడు నంబర్లు తగ్గదు. అప్పుడు చూశాను, కుడిపాదం చిటికెనవేలి పక్కన గీత బయటికి ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు నాకు కొత్త కాదు. తాత పోయిన దగ్గర్నుంచి ఏడాదికోసారి ఆ ఉబ్బుకి కొలిచి బూట్లు కుడుతున్నది నేనే. అది మిషనత్త కాలు.

తరువాతి పేజీలో కుటుంబ వివరాలున్నాయి. మా తాతకి అప్పటికే ఇద్దరు కొడుకులు, మా పెదనాన్నలు. ఈ కాగితంలో ఇలా ఉంది: పిల్లలు లేరు. భార్య గర్భవతి. చివరి పేజీలో నది దాటుతుండగా మరణం అని రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు, పూడ్చిన చోటు నంబరు ఉన్నాయి. పెద్దాయన వచ్చి తప్పు దొరికిందా అని అడిగాడు.

"మీది కాదండీ," అన్నాను. "మాది."

సాయంత్రం దుకాణానికి వచ్చేసరికి నాన్న బల్ల మీద చోటు చేసి పెట్టాడు. అత్త మిషను ఆడుతూనే ఉంది. గీత నకలు ఆయన ముందు పరిచాను. నాన్న మొహం వెలిగిపోయింది. మన గీతే అంటూ గుణకారం గుర్తు మీద వేలు పెట్టాడు. తరువాత గోడ మీంచి తాత పదో నంబరు కుడిపాదం తీసి గీత మీద పెట్టాడు. అది అన్నివైపులా బయటికి వచ్చింది. దాన్ని తీసి మళ్లీ పెట్టాడు. వరస చివరికి వెళ్లి, పేరు లేని జతలోంచి కుడిది తెచ్చి పెట్టాడు. తోలుముక్క ఉబ్బులో కూర్చుంది. పాదం గీత లోపల ఇమిడిపోయింది.

మిషను చప్పుడులో అత్తకి వినబడకుండా, నేను ఫైల్లో ఉన్నదంతా మెల్లగా చెప్పాను. పిలుపు అన్న పేరున వచ్చింది, ఇద్దరు పిల్లల తండ్రి. వెళ్లింది తమ్ముడు. అన్న యుద్ధం నడిచిన మూడేళ్లూ ఎక్కడో ఏ దుకాణంలోనో తలదాచుకుని బూట్లు కుట్టుకున్నాడు. నానమ్మ ఆ ఉత్తరం చూసి ఎందుకు ఏడవలేదో ఇప్పుడు తెలిసింది. నాన్న పీట మీద కూర్చుండిపోయాడు. అక్కకి ఇప్పుడే చెప్పొద్దని గొంతు తగ్గించి అన్నాడు.

నాలుగు రోజులు ఆయన కస్టమర్లకి కథ చెప్పలేదు. కాళ్లు కొలిచి, నంబరు రాసుకుని పంపించేశాడు. ఒకాయన ఉండబట్టలేక అడిగితే గొంతు బాగాలేదన్నాడు. జాబితా గడువు ఇంకా వారమే ఉంది. ఏమీ చేయకపోతే తాత పేరు రాయి మీద ఉంటుంది, వీరుడిగానే. ఎవరికీ ఏమీ తెలియదు. నాన్న ఆ దారి గురించి ఆలోచించలేదని చెప్పను, బాగానే ఆలోచించాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఆయన చెప్పుకునే కథ అదొక్కటే. నాకు ఆయన మీద జాలీ కోపమూ రెండూ వచ్చాయి. కానీ ఒక్కమాట కూడా తొందరపెట్టలేదు.

ఐదోరోజు పొద్దున ఆయనే ఆ గీత కాగితం నేలమీద పరిచి, అత్త మిషను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఒకసారి నీ కుడికాలు దీనిమీద పెట్టు."

"ఏం, కొత్త బూట్లా? ఉన్నవే అరిగి చావట్లేదు," అంటూ అత్త ఎడమకాలితో మిషను తొక్కుతూనే కుడికాలు పెట్టింది.

ఆవిడ పాదం గీత కంటే చిన్నది. కానీ ఉబ్బు దగ్గర ఉబ్బు సరిగ్గా ఆనింది. మిగతా చుట్టూ కొద్దిగా ఖాళీ మిగిలింది.

"సైన్యం కాగితాల్లో ఉన్న ఈ గీత మా నాన్న కాలిది కాదక్కా," అన్నాడు నాన్న. "యుద్ధానికి మా నాన్న వెళ్లలేదు. చిన్నాన్న వెళ్లాడు, మా నాన్న పేరు పెట్టుకుని. ఆ ఉత్తరం తప్పు ఉత్తరం కాదు."

మిషను ఆడుతూనే ఉంది, కింద తోలు మాత్రం లేదు. నేను కుటుంబ వివరాల పేజీ తీసి చదివాను. పిల్లలు లేరు, భార్య గర్భవతి. అత్త మళ్లీ చదవమంది. చదివాను. మూడోసారి అడిగితే కాగితం ఆవిడ చేతికే ఇచ్చాను.

"పారిపోలేదన్నమాట," అంది అత్త. ఇంకాసేపటికి, "నన్ను కూడా రాయించాడన్నమాట," అంది.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడకి ముందు కోపమొచ్చింది. తాత బతికున్నన్నాళ్లూ ఆవిడ కాలి కొలత తనే తీసేవాడు, వేరే ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కొలవడం అయిపోయాక కూడా ఆ పాదం చేతిలో పట్టుకుని కూర్చునేవాడు.

"అంతసేపు నా కాలు పట్టుకునేవాడు కదే," అంది నాతో. "అప్పుడే ఒక్కమాట చెప్పి ఉంటే ఏం పోయేది పెదనాన్నకి? మా అమ్మకి తెలుసో లేదో, తెలియకుండానే పోయిందో."

నాన్న తల వంచుకుని, నేను సంతకం పెడతాను అక్కా అన్నాడు. మా నాన్న యుద్ధానికి వెళ్లలేదని నా చేత్తో రాసిస్తాను అన్నాడు. అత్త ఆయన నెత్తిమీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు. ఇద్దరూ అలా ఉంటే నాకే కళ్లమ్మట నీళ్లు ఆగలేదు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా ముగ్గురం మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. నాన్న సంచిలో రెండు చెక్కపాదాలు, నా చేతిలో ఫైలు నకలు. జాబితా చూసే కమిటీలో ముగ్గురున్నారు. కట్టెపాదాలు తెచ్చి రుజువంటారేమిటని ఒకాయన ముక్కున వేలేసుకున్నాడు. నాన్న గీత పరిచి, ముందు తన తండ్రి పాదం పెట్టాడు, తీశాడు, చిన్నాన్న పాదం పెట్టాడు. నేను కుటుంబం పేజీ వాళ్ల ముందుంచాను. అత్త కుర్చీలోంచి లేచి, బూటు విప్పి, ఎవరూ అడక్కుండానే గీత మీద కాలు పెట్టింది. ముక్కున వేలేసుకున్నాయన కళ్లజోడు తీసి, వంగి దగ్గరగా చూసి, రాసుకోమని పక్కవాడికి చెప్పాడు. బయటికొచ్చాక నడవలో మేం ముగ్గురం చిన్నపిల్లల్లా నవ్వాం. దేనికి నవ్వామో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రమే నాన్న ఇనుపకడ్డీ కాల్చి, పేరు లేని జతని, కడ్డీని అత్త చేతికిచ్చాడు. ఆవిడ అక్షరాలు వంకరగా వచ్చాయి. ఒక్కో అక్షరానికీ ఆగి ఊదుకుంటూ రెండు మడమల మీదా పేరు పూర్తిగా కాల్చింది.

ఎండలు తగ్గాక రాయి నిలబెట్టారు. తిరిగిరానివాళ్ల వరసలో చిన్నతాత పేరు ఉంది. తాత పేరు ఏ వరసలోనూ లేదు. నాన్న రెండు వరసలూ పైనుంచి కిందికి చదివి, బాగా చెక్కారని మెచ్చుకున్నాడు.

మొదటి వాన పడిన రోజు మా పాత కస్టమరు ఒకాయన తడిసిన బూట్లతో వచ్చాడు. వేసవంతా ఊళ్లో లేడు, ఏమీ తెలియదు. కాలు ముందుకి చాచి, ఏదీ ఆ చచ్చి బతికొచ్చిన సిపాయి కథ మరోసారి చెప్పండన్నాడు. నాన్న టేపు మెడలో వేసుకున్నాడు.

"ఆ కథ ఇప్పుడు నాది కాదండీ," అన్నాడు నాన్న. "మా అక్కది. ఆవిణ్ని అడగండి."

మిషను ఆగింది. అది ఆగితే దుకాణం అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. వీధిలో వాన చప్పుడు కూడా వినిపించింది. అత్త కళ్లజోడు సర్దుకుని, స్టూలు ఇటు తిప్పుకుని, ఆయనవైపు చూసింది.

"మా నాన్న," అని మొదలుపెట్టింది.